ఐదో స్వేచ్ఛ

ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అన్న మాటకు ఉచితమనీ, స్వేచ్ఛ అనీ రెండర్థాలు. తెలుగులో ఆ చిక్కు లేదు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన ఉద్యమాన్ని మనం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమమనే అంటున్నాం. హైదరాబాదులో ఆ పని చేస్తున్న సంస్థ పేరు కూడా ‘స్వేచ్ఛ’. ప్రోగ్రామును ఏ అవసరానికైనా వాడుకోవడం, చదివి మార్చుకోవడం, పంచుకోవడం, మార్చినదాన్ని పంచిపెట్టడం - ఈ నాలుగు స్వేచ్ఛల మీద ఉద్యమం నిలబడింది. సాహిత్య పరిశోధకురాలినైన నన్ను ఈ చరిత్రలోకి లాగింది మాత్రం ఆ జాబితాలో లేని ఐదోది. అవమానపడకుండా మాట్లాడగలిగే స్వేచ్ఛ.

దేశదేశాల్లో ఉన్నవాళ్లు ఒకరికొకరు రాసుకుంటూ, వాదించుకుంటూ ఈ సాఫ్ట్‌వేరును తయారు చేస్తారు. అంటే చర్చే ఇక్కడ పనిస్థలం. చర్చలోంచి తరిమితే పనిలోంచి తరిమినట్టే. యూరోపియన్ కమిషన్ నిధులతో జరిగిన ఒక అధ్యయనం 2006లో లెక్క తేల్చింది: కంపెనీల సొంత సాఫ్ట్‌వేర్ రంగంలో స్త్రీలు సుమారు 28 శాతం, ఇక్కడ 1.5 శాతం. అందరికీ తలుపులు తెరిచామన్న చోటే స్త్రీలు లేరు!

ఈ వైరుధ్యం స్త్రీవాదులకు కొత్తది కాదు. నాయకులూ నియమాలూ లేని బృందాల్లో అధికారం మాయం కాదనీ, కంటికి కనపడని కొందరి చేతుల్లోకి పోతుందనీ అమెరికన్ స్త్రీవాది జో ఫ్రీమన్ 1970లోనే హెచ్చరించింది. ఆమె చెప్పింది స్త్రీల బృందాల గురించి. అయినా అది సాఫ్ట్‌వేర్ చర్చలకూ సరిగ్గా సరిపోతుంది. నియమం లేనప్పుడు గట్టిగా అరిచేవాడి మాటే నియమమౌతుంది.

దీనికి స్త్రీలు వెదికిన దారులు గమనించదగ్గవి. 1998లో డెబ్ రిచర్డ్‌సన్ ప్రారంభించిన లినక్స్‌చిక్స్ బృందానికి ముఖ్య నియమాలు రెండే: మర్యాదగా ఉండండి, సాయపడండి. 2002లో వాల్ హెన్సన్ (నేటి వాలెరీ అరోరా) లినక్స్‌లోకి స్త్రీలను ఎలా ప్రోత్సహించాలో ఒక మార్గదర్శిని రాసింది. స్త్రీలను కించపరిచే జోకులు వద్దు, నేర్పేటప్పుడు ఆమె చేతిలోంచి కీబోర్డు లాక్కోవద్దు అని అందులో చెప్పాల్సి వచ్చింది. 2004లో డెబియన్ విమెన్ వచ్చింది.

లినక్స్ కెర్నెల్ మాత్రం చాలాకాలం మారలేదు. అక్కడి తిట్ల సంస్కృతిని 2013లో బహిరంగంగా ప్రశ్నించింది కెర్నెల్ డెవలపర్ సేజ్ షార్ప్. ఉత్తుత్తి మర్యాద తనవల్ల కాదన్నాడు లైనస్ టోర్వాల్డ్స్. 2015లో ‘సంఘర్షణ నియమావళి’ ఒకటి పెట్టారు. ఆ ఏడాదే తాము కెర్నెల్‌ను ఎందుకు వదిలేశారో షార్ప్ లోకానికి చెప్పారు. 2018 సెప్టెంబరులో టోర్వాల్డ్స్ తన ప్రవర్తనకు క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకు తప్పుకున్నాడు. అప్పుడే అసలైన ప్రవర్తనా నియమావళి అమల్లోకి వచ్చింది.

చర్చను అదుపు చేయడమంటే వాక్‌స్వాతంత్ర్యాన్ని హరించడమేనని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. నియమాలు రాకముందు అక్కడ అందరూ మాట్లాడేవాళ్లా? ఒక్క తిట్టుకు ఎందరు నోరు మూసుకుని వెళ్లిపోయారో ఏ రికార్డూ చెప్పదు. వెళ్లిపోయినవాళ్ల మౌనాన్ని లెక్కలోకి తీసుకోని స్వాతంత్ర్యం కొందరి సౌకర్యం మాత్రమే.

నన్ను బాధించే సంగతి ఇంకొకటుంది. తగవులు తీర్చడం, కొత్తవాళ్లకు ధైర్యం చెప్పడం, దూషణలను ముందుగా తానే చదివి తొలగించడం - ఇదంతా పనే. ఇంటిచాకిరీలాగే రోజూ చేయాలి, చేసినంతకాలం ఎవరికీ కనపడదు. కోడ్ రాసిన ప్రతి మార్పుకూ పేరూ తేదీ నమోదవుతాయి. ఆగిపోయిన గొడవకు అలాంటి నమోదు ఉండదు.

నోరు మంచిదైతే ఊరు మంచిదౌతుందని మనకు చిన్నప్పుడే నేర్పారు. ఆ పాఠం ఊరందరికీ వర్తించాలని పట్టుబట్టినవాళ్లు వీళ్లు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ చరిత్ర రాసేటప్పుడు ప్రోగ్రాములు రాసినవాళ్ల పక్కనే వాళ్ల పేర్లూ రాయాలి.