హుషారు బిళ్ల, దిగులు బిళ్ల

నిద్ర ఆపి హుషారు పుట్టించే మందు ఒకటి, మనసులో దిగులు తీసే మందు మరొకటి. ఇవాళ ఈ రెండూ వేర్వేరు జబ్బులకు వేర్వేరు చీటీల మీద వస్తున్నాయి. పుట్టుక దాకా వెనక్కి వెళ్లి చూస్తే, దిగులుకు మందుగా డాక్టర్లు రాసిన తొలి బిళ్లల్లో హుషారు బిళ్ల కూడా ఉంది. రెండూ ఒకే ఒంట్లో కలిస్తే ఏమవుతుందన్న భయమూ కొత్తది కాదు.

రుమేనియాకు చెందిన లజార్ ఎడెలియాను 1887లో బెర్లిన్‌లో యాంఫిటమిన్ తయారుచేశాడు. ఆ తర్వాత నలభై ఏళ్లు దాని ఊసు పెద్దగా లేదు. దాదాపు అదే రోజుల్లో జపాన్‌లో నగాయ్ నాగయోషి, చైనావాళ్లు ఉబ్బసానికి వాడే మా హువాంగ్ మొక్క నుంచి ఎఫిడ్రిన్ తీశాడు. ఎఫిడ్రిన్‌కు బదులు ఏదైనా దొరుకుతుందా అని లాస్ ఏంజెలెస్‌లో గోర్డన్ అలెస్ వెతుకుతూ యాంఫిటమిన్‌ను మళ్లీ బయటికి తెచ్చాడు. 1929 జూన్ 3న తన ఒంటి మీదే పరీక్షించుకున్నాడు. గుండె దడదడలాడింది, మనసు తేలికపడింది, మాటలు జోరందుకున్నాయి, ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ఆ మందుకు ఉన్న మేలూ కీడూ రెండూ ఆ ఒక్క రాత్రిలోనే కనిపించాయి.

స్మిత్ క్లైన్ అండ్ ఫ్రెంచ్ కంపెనీ దీన్ని బెంజెడ్రిన్ పేరుతో, మొదట ముక్కుతో పీల్చే గొట్టంగా అమ్మింది. జనం గొట్టం పగలగొట్టి లోపలి మందు పట్టీని మింగడం మొదలుపెట్టారు. బిళ్లలు వచ్చాక, 1930ల చివర్లో బోస్టన్ మానసిక వైద్యుడు ఏబ్రహం మైయర్సన్ లాంటివాళ్లు వాటిని దిగులు రోగులకు వాడారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ, జపాన్ సైన్యాలు దీని తోబుట్టువైన మెథాంఫిటమిన్‌ను పంచాయి. యుద్ధం ముగిశాక మిగిలిన నిల్వలు జపాన్ వీధుల్లోకి చేరి ఎందరినో బానిసలను చేస్తే, 1951లో ప్రత్యేక చట్టం తెచ్చుకోవలసి వచ్చింది. 1950లో యాంఫిటమిన్ జాతి మందును మత్తు మందుతో కలిపి ఒకే బిళ్లగా డెక్సామిల్ వచ్చింది. దిగులుకూ ఆందోళనకూ ఒకే మందు అన్నారు. బ్రిటన్‌లో కుర్రకారు దాన్ని ఎంతగా మింగారంటే 1964లో అక్కడా చట్టం రావలసి వచ్చింది.

దిగులు మందు కథలో కొంత మన నేలది. తూర్పు కనుమల అడవుల్లో కూడా పెరిగే సర్పగంధ వేరును గణనాథ్ సేన్, కార్తీక్ బోస్ 1931లోనే పిచ్చికీ రక్తపోటుకూ వాడి చూపారు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ దాని గుణం ప్రపంచానికి చాటాడు. 1952లో స్విట్జర్లాండ్‌లో ఆ వేరు నుంచి రిసర్పిన్ తీశారు. అది వాడిన రక్తపోటు రోగుల్లో కొందరు దిగులులో కూరుకుపోయారు. రిసర్పిన్ పడితే మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తరిగిపోతుందని తర్వాత తేలింది. అదే 1952లో న్యూయార్క్ సీవ్యూ ఆసుపత్రిలో క్షయ రోగులకు ఇప్రోనియాజిడ్ ఇస్తే, మంచాన పడ్డవాళ్లు లేచి నవ్వుతూ తిరిగారు. అది సెరటోనిన్ లాంటి రసాయనాలను కరిగిపోనివ్వదు. 1957లో నేథన్ క్లైన్ దాన్ని దిగులు మందుగా నిలబెట్టాడు. దాని తోడబుట్టిన ఐసోనియాజిడ్‌ను క్షయకు నేటికీ సర్కారు ఆసుపత్రుల్లో ఇస్తున్నారు.

ఇప్రోనియాజిడ్ జాతి మందు వాడుతున్నవాళ్లు యాంఫిటమిన్ మింగితే రక్తపోటు ప్రాణం తీసేంతగా ఎగబాకుతుంది. కలయిక మొదటి పాఠం అది. 1987 చివర్లో అమెరికాలో అనుమతి పొందిన కొత్త దిగులు మందు ఫ్లూఆక్సెటిన్ ఆ భయాన్ని చాలా తగ్గించింది. అప్పటికే పిల్లల చంచలత్వానికి (ఏడీహెచ్‌డీ) మిథైల్‌ఫెనిడేట్ అనే మరో హుషారు మందు స్థిరపడి ఉంది. చంచలత్వమూ దిగులూ ఒకే మనిషిలో ఉండటం మామూలే కాబట్టి రెండు చీటీలూ ఒకే ఇంటికి చేరాయి.

చిక్కు ఎక్కడంటే, మిథైల్‌ఫెనిడేట్ మెదడులో డోపమిన్, నార్ఎపినెఫ్రిన్ అనే రెండు రసాయనాలను కణాల్లోకి వెనక్కి పోనివ్వదు. సెరటోనిన్ జోలికి పెద్దగా వెళ్లదు. కొకైన్ మూడింటినీ ఆపుతుంది. మిథైల్‌ఫెనిడేట్‌కు ఫ్లూఆక్సెటిన్ తోడైతే, కొకైన్‌లో లాగే, ఆ మూడోదీ ఆగుతుంది. షికాగో దగ్గర హైన్జ్ స్టైనర్ బృందం 2010లో లేత ఎలుకల మీద ఈ జోడీని ప్రయోగిస్తే, అలవాట్లు పాతుకునే స్ట్రియాటం భాగంలో జన్యువుల స్పందన మిథైల్‌ఫెనిడేట్ ఒక్కటే ఇచ్చినప్పటికంటే పెరిగింది. పైగా ఫ్లూఆక్సెటిన్, యాంఫిటమిన్‌ను అరిగించే కాలేయపు ఎంజైముకు అడ్డుపడుతుంది. ఒంట్లో యాంఫిటమిన్ మోతాదు మనకు తెలియకుండానే పెరగవచ్చు.

ఎలుకలో చూసింది మనిషికి తీర్పు కాదు. 2024లో దక్షిణ కొరియా పరిశోధకులు మిథైల్‌ఫెనిడేట్‌తో పాటు ఫ్లూఆక్సెటిన్ జాతి దిగులు మందు వాడిన పెద్దవాళ్లను, మిథైల్‌ఫెనిడేట్ ఒక్కటే వాడినవాళ్లతో పోల్చి, కీడు పెరిగినట్టు కనపడలేదన్నారు. అయితే వాళ్లంతా డాక్టరు జబ్బు తేల్చి మందు రాసిన రోగులు. పరీక్ష ముందు రాత్రి స్నేహితుడి స్ట్రిప్పులోంచి రెండు బిళ్లలు అడిగి మింగే కుర్రవాడు ఆ లెక్కలో లేడు.

నా బెంగ అతని గురించే. మా పెద్దదోర్నాల, మార్కాపురం, గిద్దలూరు వైపు పిల్లలు ఇంటర్ నుంచే ఊరు దాటి గుంటూరు, హైదరాబాద్ హాస్టళ్లకు, అక్కడి నుంచి కొందరు యాంఫిటమిన్ బిళ్లలు డాక్టరు చీటీ మీద దొరికే అమెరికాకు వెళుతున్నారు. మన దేశంలో మిథైల్‌ఫెనిడేట్ 1985 మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది. వ్యసనం అనగానే అప్పటి మా ప్రకాశం జిల్లాలోని 2020 కురిచేడు ఘటన గుర్తొస్తుంది: లాక్‌డౌన్‌లో మద్యం షాపులు మూసేస్తే శానిటైజర్ తాగి పదిమందికి పైగా పోయారు. సారా వాసన ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. బిళ్లకు వాసన లేదు, పైగా డాక్టరే రాశాడన్న ధీమా ఉంటుంది.

నిద్ర తగ్గడం, ఆకలి చావడం, నెల బిళ్లలు ఇరవై రోజులకే అయిపోవడం ఇంట్లోవాళ్లు గమనించాలి. వణుకు, విపరీతమైన చెమట, జ్వరం కలిసి వస్తే అది సెరటోనిన్ మితిమీరడం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి పోవాలి. భయపడి దిగులు మందును ఒక్కసారిగా మానేయకూడదు, అది వేరే ఇబ్బంది తెస్తుంది. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా వాడే మందులన్నిటి చీటీలూ ముందు పెట్టాలి. మానసిక వైద్యుణ్ణి చూడాలంటే ఊరు దాటి వెళ్లవలసిన మా వాళ్లకు, 2022లో కేంద్రం మొదలుపెట్టిన టెలిమానస్ ఫోను 14416 ఉంది. అక్కడ తెలుగులో మాట్లాడేవాళ్లు ఉన్నారు, డబ్బు తీసుకోరు.