డిసెబిలిటీ స్టడీస్‌లో పీహెచ్‌డీ: ఏ శాఖలో, ఎవరి దగ్గర, ఏ ప్రశ్నతో?

వైకల్యంపై పరిశోధన అనగానే మన దగ్గర మొదట గుర్తొచ్చేది ఆస్పత్రి, ఆ తర్వాత ప్రత్యేక పాఠశాల. డిసెబిలిటీ స్టడీస్ ఆ రెండింటికీ బయట పుట్టింది. కాలికి ఏ చికిత్స చేయాలన్నది వైద్యం అడిగే ప్రశ్న. చక్రాల కుర్చీలో వచ్చిన మనిషి తహసీల్దారు ఆఫీసు మెట్ల దగ్గరే ఎందుకు ఆగిపోతున్నాడన్నది ఈ శాస్త్రం అడిగే ప్రశ్న. బ్రిటన్‌లో వికలాంగులే నడిపిన యూపీఐఏఎస్ అనే సంఘం 1976లో ఈ తేడాను స్పష్టంగా రాసిపెట్టింది. 1983లో మైక్ ఆలివర్ దాన్ని ‘సోషల్ మోడల్’గా సూత్రీకరించారు. షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం 1998లో ఈ సబ్జెక్టులో పీహెచ్‌డీ ప్రారంభించింది.

ఈ తేడా హైదరాబాద్‌లోనే కనిపిస్తుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పాటై, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీగా పిలుస్తున్న జాతీయ సంస్థ మేధో వైకల్యం ఉన్నవారి శిక్షణ, పునరావాసం చూస్తుంది. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని డిసెబిలిటీ స్టడీస్ కేంద్రం పని వేరు. బహిరంగ స్థలాలు, రవాణా, వెబ్‌సైట్లు వికలాంగులకు ఏ మేరకు అందుబాటులో ఉన్నాయో ఆ కేంద్రం అధ్యయనం చేసి సుప్రీంకోర్టుకు నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగానే రాజీవ్ రతూరీ కేసులో 2024 నవంబర్ 8న కోర్టు 2017 నిబంధనల్లోని 15వ నిబంధనను తప్పుబట్టింది. ప్రమాణాలను కేవలం మార్గదర్శకాలుగా వదిలేయడం చట్టానికి విరుద్ధమని, తప్పనిసరిగా పాటించాల్సిన వాటిని మూడు నెలల్లో రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఈ రంగంలో పరిశోధనకు ఉన్న బలం ఏమిటో తెలియాలంటే ఈ తీర్పు చదవడం మంచిది.

ముందు గైడ్, తర్వాతే శాఖ

దేశంలో ఈ పేరుతో సొంత శాఖ ఉన్న విశ్వవిద్యాలయాలు అరుదు. ముంబయిలోని టిస్ సోషల్ వర్క్‌లో భాగంగా దీన్ని బోధిస్తోంది. ఢిల్లీ అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలో బోధించిన అనితా ఘాయ్, వికలాంగ మహిళల శరీరం, కుటుంబం గురించి రాసి ఈ చర్చను భారతీయ అనుభవానికి దగ్గర చేశారు. ఎక్కువ మంది పరిశోధకులు సోషియాలజీ, సోషల్ వర్క్, ఇంగ్లిష్, లా, ఎడ్యుకేషన్ శాఖల్లోనే నమోదవుతారు. కాబట్టి వర్సిటీ పేరు కంటే గైడ్ పేరే ముందు వెతకాలి. ఈ సాహిత్యంతో పరిచయం లేని గైడ్ దొరికితే సిద్ధాంత గ్రంథం కాస్తా సంక్షేమ పథకాల సర్వేగా తేలిపోయే ప్రమాదం ఉంది.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. మళ్లీ నమోదు చేసుకుంటే మరో 2 ఏళ్లు దొరుకుతాయి. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి ఇంకో 2 ఏళ్ల సడలింపు ఉంది. మొత్తం మీద 10 ఏళ్లు దాటకూడదు. పీజీలో 55 శాతం మార్కులు కావాలి, వికలాంగులకు ఇందులో 5 శాతం మినహాయింపు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు కేటాయించింది. రాత పరీక్షకు సహాయకుడు కావాలంటే 40 శాతం సర్టిఫికెట్ ఉండి తీరాలన్న పట్టు చెల్లదని వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2021లోనే చెప్పింది. అయినా దరఖాస్తు రోజునే ఆ విషయం రాతపూర్వకంగా అడిగి పెట్టుకోవడం మేలు.

ప్రశ్న ఎక్కడ దొరుకుతుంది?

2011 జనగణన లెక్కలో దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులు, అంటే జనాభాలో 2.21 శాతం. అప్పటి చట్టం గుర్తించినవి 7 రకాల వైకల్యాలు, ఇప్పుడు 21. గీత మారితే సంఖ్య మారుతుంది, ఆ గీత ఎవరు గీస్తున్నారన్నది పరిశోధనాంశం. తెలుగు రాష్ట్రాల వారికి ఇది సదరం శిబిరం రూపంలో బాగా తెలుసు. అక్కడ డాక్టర్ వేసే శాతమే పెన్షన్‌ను నిర్ణయిస్తుంది. 38 శాతం వచ్చిన మనిషికీ 40 శాతం వచ్చిన మనిషికీ జీవితంలో తేడా ఎంత, కాగితంలో తేడా ఎంత అన్నది వైద్య పత్రికలు అడగని ప్రశ్న. నల్గొండ ఫ్లోరోసిస్ కూడా అంతే. నీటిశుద్ధి గురించి, ఎముకల గురించి రాశారు గానీ, వంగిపోయిన నడుముతో వ్యవసాయ కూలీ ఎలా బతికాడన్నదానిపై చేయాల్సిన పని ఇంకా మిగిలే ఉంది.

ఏ పదం వాడాలన్నదీ చిన్న విషయం కాదు. 2015లో ప్రధాని మోదీ సూచించిన ‘దివ్యాంగులు’ అనే మాటను అనేక వికలాంగుల సంఘాలు వ్యతిరేకించాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘విభిన్న ప్రతిభావంతులు’ అంటుంది. హక్కుల సంఘాలు తమ పేర్లలో ‘వికలాంగుల’ అనే ఉంచుకున్నాయి. తెలుగులో ఇంటర్వ్యూలు చేసి ఇంగ్లిష్‌లో రాసేవారు ఈ తేడాను అనువాదంలో పోగొట్టకూడదు.

చాలామంది విద్యార్థుల దృష్టికి రానిది 2016 చట్టంలోని 6వ సెక్షన్. వికలాంగులు పరిశోధనకు విషయమైతే, వారికి అర్థమయ్యే రూపంలో వివరించి స్వేచ్ఛగా సమ్మతి తీసుకోవాలి. ప్రభుత్వం ఏర్పాటు చేసే పరిశోధన కమిటీ ముందస్తు అనుమతి కూడా ఉండాలి. ఆ కమిటీలో సగానికి తక్కువ కాకుండా వికలాంగులు లేదా వారి నమోదిత సంస్థల సభ్యులు ఉండాలి. వర్సిటీ ఎథిక్స్ కమిటీ సంతకంతో పని అయిపోయిందనుకోకుండా, ఫీల్డ్‌వర్క్‌కు ముందే దీని గురించి గైడ్‌తో మాట్లాడుకోవాలి.

చదువుకునే సామగ్రి మరో చిక్కు. అంధులకు పుస్తకాలు అందేలా చేసే మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం భారత్. ‘సుగమ్య పుస్తకాలయ’ డిజిటల్ గ్రంథాలయం 2016 నుంచి ఉంది. కానీ స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకం బొమ్మగానే ఉండిపోతే స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు.

ఉద్యోగం సంగతి కూడా ముందే ఆలోచించాలి. అధ్యాపక నోటిఫికేషన్లు సాధారణంగా సంబంధిత సబ్జెక్టు పేరుతో వస్తాయి, డిసెబిలిటీ స్టడీస్ పేరుతో పోస్టులు తక్కువ. అందుకే చాలామంది పట్టాను సోషియాలజీలోనో, లాలోనో తీసుకుని, పరిశోధనను మాత్రం ఈ రంగంలో చేస్తున్నారు.