సాక్ష్యం, సహేతుక సందేహం: కృష్ణా డెల్టా దాడి కేసులు

దాడి కేసుల్లో సాక్ష్యాన్ని కోర్టులు తూచే పద్ధతికి మచిలీపట్నంలో (బందరులో) రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. 1802 రెగ్యులేషన్ల కింద ఈస్టిండియా కంపెనీ ఉత్తర విభాగపు ప్రొవిన్షియల్ కోర్టును బందరులోనే పెట్టింది. ఆ జడ్జీలే సర్క్యూట్ తిరుగుతూ నేరాలు విచారించేవారు. అప్పట్లో చెల్లింది ఇస్లామీయ శిక్షాస్మృతి. అందులో ఘోర నేరాలకు సాక్షులు ఎందరన్నది ముఖ్యం. 1872 సాక్ష్య చట్టం 134వ సెక్షన్ ఆ లెక్కను పక్కన పెట్టింది. నమ్మదగిన సాక్షి ఒక్కరున్నా చాలు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 139వ సెక్షన్ చెప్పేదీ ఇదే.

దివిసీమలో కాలువ నీటి దగ్గరో, గుడివాడ పక్క పల్లెలో పొలం గట్టు మీదో కర్రలు లేచాయనుకుందాం. దెబ్బ తిన్నవాడి మాటకు కోర్టు ఎక్కువ విలువిస్తుంది, గొడవలో అతను ఉన్నాడనడానికి ఒంటి మీది గాయమే రుజువు గనక. అయితే గాయాల గురించి డాక్టరిచ్చే ఊండ్ సర్టిఫికెట్‌ కూడా ఆ మాటతో పొసగాలి. కత్తితో నరికాడని ఫిర్యాదులో ఉండి, డాక్టరు కమిలిన గాయమే రాస్తే డిఫెన్స్ లాయరు అక్కడే పట్టుకుంటాడు. ఎఫ్‌ఐఆర్ ఆలస్యమైతే కారణం చెప్పాలి. సాక్షి మాట మార్చి హోస్టైల్ అయినంత మాత్రాన కేసు పోదు. ఒక్క అబద్ధం దొరికిందని మొత్తం సాక్ష్యాన్ని కొట్టేయరు, తాలూ గింజా వేరు చేస్తారు. ఇవన్నీ చూశాక కూడా, కారణం చెప్పగల అనుమానం మిగిలితే దాని లాభం ముద్దాయిదే.

ఈ సూత్రం ఎంత కఠినమో బందరు గుండెకోతతో తెలుసుకుంది. క్రిస్మస్‌కు బందరులోని ఇంటికొచ్చి తిరిగి వెళ్లిన 23 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఇంజినీరు 2014 జనవరి 5న ముంబై లోకమాన్య తిలక్ టెర్మినస్‌లో దిగి మాయమైంది. 16న శవం దొరికింది. అత్యాచారం, హత్య కేసు పెట్టారు. నేరాన్ని కళ్లారా చూసినవారు లేరు. ముంబై కోర్టు 2015లో ఒకరికి మరణశిక్ష వేసింది, బాంబే హైకోర్టు 2018లో ఖరారు చేసింది. పరిస్థితుల సాక్ష్యం తెగని గొలుసులా ఉండాలని 1984 శరద్ బిర్ధీచంద్ శారదా కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడ ఆ గొలుసు నిలవలేదు. స్టేషన్ సీసీటీవీ దృశ్యాలకు, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సాక్ష్య చట్టం కోరే 65బి సర్టిఫికెట్ జతచేయలేదు. కోర్టు బయట చేశాడన్న నేరాంగీకారం నమ్మదగ్గదిగా లేదు.

సర్టిఫికెట్ తేవడం దర్యాప్తు చేసేవారి బాధ్యత. ఆ పని జరగకపోవడం క్షమించరాని లోపం. 2025 జనవరి 28న సుప్రీంకోర్టు ముద్దాయిని నిర్దోషిగా విడుదల చేసింది. పదకొండేళ్లు గడిచినా ఆ అమ్మాయిని చంపిందెవరో రుజువు కాలేదు.