రెండు ఊదుగొట్టాలు

రాత్రిపూట సారపాక సెంటర్లో పోలీసులు బండి ఆపితే ‘ఊదు’ అంటారు. తెల్లారి వంతెన దాటి భద్రాచలంలో ఉబ్బసం చూపించుకుంటే డాక్టరూ ఒక గొట్టం చేతిలో పెట్టి ‘ఊదండి’ అంటాడు. వాళ్లకు కావాల్సింది మందు జాడ, ఈయనకు కావాల్సింది గాలి వేగం. ఆ రెండు రకాల గొట్టాల చరిత్రలోనూ మార్టిన్ రైట్ అనే ఒకే బ్రిటిష్ డాక్టరు ఉన్నాడని చదివినప్పుడు భలే నవ్వొచ్చింది. అసలు ఊపిరిని కొలవాలని ఎవరికి పుట్టిందో చూద్దామని అక్కణ్నుంచి వెనక్కి వెళ్లాను.

వెళ్లి, జాన్ హచిన్సన్ దగ్గర ఇరుక్కుపోయాను. 1840ల లండన్‌లో ఆయన ఒక జీవిత బీమా కంపెనీకి డాక్టరు. ఎవరు తొందరగా పోతారో ముందే తెలిస్తే కంపెనీకి లాభం. నీళ్ల తొట్టిలో రేకు డబ్బా బోర్లించి, దానికి బరువులు కట్టి, ఒక గొట్టం తగిలించాడు. నిండా పీల్చి ఊదితే డబ్బా పైకి లేస్తుంది. ఎంత లేస్తే అంత ఊపిరి. అదే స్పైరోమీటర్. 1846లో అచ్చయిన పరిశోధన కోసం రెండువేల మందికి పైగా ఊదించాడు: నావికులు, పోలీసులు, కుస్తీవాళ్లు, బికారులు, దొరలు, మరుగుజ్జులు. మనిషి ఎత్తు పెరిగేకొద్దీ ఊపిరి ఓ లెక్క ప్రకారం పెరుగుతుందని తేల్చాడు. ఈనాటికీ ఊదించే ముందు డాక్టరు మన పేరు పక్కన ఎత్తు రాసుకునేది అందుకే.

ఆ జాబితాలో నాకు బాగా నచ్చినవాడు ఫ్రీమన్. అమెరికా నుంచి వచ్చిన బాక్సరు, దాదాపు ఏడడుగుల మనిషి, ఊపిరి ఏడు లీటర్ల దాకా. తర్వాత మళ్లీ ఊదిస్తే డబ్బా మునుపటంత లేవలేదు. కొలత తగ్గుతూ వచ్చింది. 1845లో ఆ భీముడు క్షయతో పోయాడు. హైదరాబాద్‌లో ఉబ్బసానికి ఇచ్చే చేప ప్రసాదం మొదలైన సంవత్సరంగా బత్తిని కుటుంబం చెప్పేదీ 1845నే. అక్కడ ఊపిరికి లెక్క, ఇక్కడ కొర్రమీను నోట్లో మందు! మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు వచ్చేవాళ్లను చేప మింగకముందు ఒకసారి, నెల తర్వాత ఒకసారి ఊదిస్తే ఎంత బాగుండును. హచిన్సన్ మాత్రం బీమానూ డబ్బానూ వదిలేసి 1852లో ఆస్ట్రేలియా వెళ్లిపోయి, 1861లో ఫిజీలో చనిపోయాడు.

ఆయన డబ్బా ఎంత గాలి ఉందో చెబుతుంది, దారి ఎంత వెడల్పో చెప్పదు. పీల్చినప్పుడు శ్వాసనాళాలు కాస్త విచ్చుకుంటాయి, వదిలినప్పుడు సన్నబడతాయి. ఉబ్బసంలో వాటి కండరం బిగుసుకుని, లోపల వాచి, గళ్ల చేరి ఉంటుంది కాబట్టి పీల్చడం కన్నా వదలడమే గండం. పిల్లికూతలు వినిపించేదీ ఎక్కువగా అప్పుడే. ఫ్రెంచి డాక్టరు పోయిసెయ్ 1840ల్లోనే లెక్కగట్టాడు: సన్నని గొట్టం వెడల్పు సగమైతే, అంతే తోపుకు పారేది పదహారో వంతే. ఊపిరికి ఈ లెక్క అచ్చంగా సరిపోదుగానీ, కొద్దిపాటి బిగువుకే మనిషి ఎందుకంత అల్లాడతాడో అర్థమవుతుంది. లోపల స్కేలు పెట్టలేం. గాలి ఎంత వేగంగా బయటికొస్తుందో చూసి వెడల్పు అంచనా కట్టాల్సిందే. అంటే డబ్బా పక్కన ఒక గడియారం పెడితే చాలు. దానికి నూరేళ్లు పట్టింది! 1947లో ఫ్రాన్స్‌లో టిఫెనో, మొదటి సెకనులో ఎంత గాలి వచ్చిందో చూడమన్నాడు.

ఇక రైట్. ఉబ్బసం రోగుల దగ్గర మొదలైన కథ కాదు ఆయనది, బొగ్గు దగ్గర మొదలైంది. సౌత్ వేల్స్ గని కార్మికుల ఊపిరితిత్తుల్లో చేరే దుమ్ము మీద పరిశోధించే కేంద్రంలో పనిచేశాడు. గాలి తోసుకొచ్చే గరిష్ఠ వేగాన్ని ముల్లుతో చూపే పీక్ ఫ్లో మీటరును 1959లో మెకెరోతో కలిసి ప్రకటించాడు. 1970ల్లో అది చవక ప్లాస్టిక్ గొట్టంగా ఇళ్లకు చేరింది. సారపాకకు అవతల కొత్తగూడెంలో సింగరేణి బొగ్గు గని కార్మికులు నైట్ షిఫ్ట్ దిగి వస్తుంటారు. వాళ్లలాంటి వాళ్ల కోసం పుట్టిన గొట్టమని మందుల షాపులో కొనుక్కునే ఎంతమందికి తెలుసు? మూడుసార్లు ఊది, ఎక్కువ వచ్చిన అంకె రాసుకోవాలి. ఉబ్బసం ఉన్నవాళ్లకు తెల్లవారుజామున ముల్లు కిందికి, సాయంత్రానికి పైకి వస్తుంది. ఆ తేడా ఎంత పెద్దదైతే ఉబ్బసం అంత అదుపు తప్పినట్టు.

ఇప్పుడు ఆసుపత్రిలో కంప్యూటరు గీత గీసి కాగితం ఇస్తుంది, రోగికి ఒక్క ముక్క అర్థం కాదు. డబ్బా పైకి లేవడం ఎవరి కళ్లకైనా కనిపించేది. ఆ సుఖం పోయింది. రైట్ మీటరు వచ్చిన 1959లోనే అమెరికాలో స్నైడర్, ఆయన తోటివాళ్లు ఇంకా చవకైన పరీక్ష చెప్పారు: వెలిగించిన అగ్గిపుల్లను నోటికి ఆరంగుళాల దూరంలో పట్టుకుని ఆర్పమనడం. ఆర్పలేకపోతే దారి సన్నబడిందని అనుమానించాలి. డాక్టరు దూరంగా ఉండే ఊళ్లలో ఆశా కార్యకర్తలు దీన్ని నేర్చుకుంటే తప్పేమీ లేదు. ఒక్కటే షరతు, నోరు బార్లా తెరిచి ఊదాలి. పెదాలు ముడిచారో, పరీక్ష చెల్లదు.