మోటబావి నుండి వ్యాయామశాల వరకు

మదురలోను, కోయంబత్తూరులోను తెలుగువారు ఎట్లు వచ్చి స్థిరపడినారని పిల్లలు అడిగినప్పుడు మనము నాయకరాజుల పేర్లు చెప్పుదుము. తిరుమలనాయకుని మహలు చూపింతుము. అది సబబే. కాని రాజుల వెంట వచ్చిన సామాన్యుల చరిత్ర వారి చేతులలోను, భుజములలోను, తొడలలోను ఉన్నది. కత్తి పట్టినవి, నాగలి దున్నినవి, మోట తోలినవి, మగ్గము నేసినవి ఆ కండలే. ఆ కండబలము మనవారికి ఎట్లు వచ్చినది, ఎట్లు తగ్గినది, దానిని మరల సంపాదించుటకు శాస్త్రము ఏమి చెప్పుచున్నది అను మూడు సంగతులు ఈ వ్యాసములో మనవి చేయుచున్నాను.

ఇప్పుడీ ప్రసంగము ఎందుకనగా, మన రెండు ఊళ్ళలోను పేటపేటకు జిమ్ములు వెలసినవి. మన యిండ్ల కుర్రవాళ్ళు పలువురు అక్కడ చేరి, తాము కండలు పెంచుటతో తృప్తిపడక, ఇతరులకు నేర్పు ట్రైనర్లు కావలెనని ఉబలాటపడుచున్నారు. మంచి వృత్తియే. కాని ఇంకొకరి శరీరమును తన చేతిలోనికి తీసికొనువాడు ఆ శరీరము ఎట్లు పనిచేయునో తెలిసికొనవలెను గదా! అద్దములో తన భుజము చూచుకొన్నంత మాత్రమున ఆ విద్య అబ్బదు.

మన కథ విజయనగరముతో మొదలగును. మదుర నాయకరాజ్యమునకు మూలపురుషుడైన విశ్వనాథనాయకుడు విజయనగర ప్రభువుల పనుపున వచ్చి, 1529 ప్రాంతమున మదురలో పాలన ప్రారంభించినాడు. అంతకు కొంచెము ముందు, 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన డొమింగో పాయస్ అను పోర్చుగీసు యాత్రికుడు శ్రీకృష్ణదేవరాయల దినచర్యను వ్రాసిపెట్టినాడు. రాయలు తెల్లవారకమునుపే లేచి, నువ్వులనూనె త్రాగి, ఒంటినిండ ఆ నూనె పట్టించుకొని, గోచి బిగించి, మట్టితో చేసిన పెద్ద బరువులను ఎత్తేవాడట. పట్టించిన నూనె అంతయు చెమటగా కారిపోవువరకు కత్తిసాము చేసి, జెట్టీలలో ఒకనితో కుస్తీపట్టి, పిమ్మట గుఱ్ఱమెక్కి తెల్లవారువరకు మైదానములో స్వారి చేసేవాడట.

ఈ వరుసను గమనింపుడు. బరువెత్తుట బలము కొరకు. కత్తిసాము ఒడుపు కొరకు. కుస్తీ ఎదిరిని తట్టుకొను సత్తువ కొరకు. స్వారి దమ్ము కొరకు. నేటి శిక్షణ గ్రంథములు వేర్వేరు అధ్యాయములుగా చెప్పు సంగతులు ఆ ఒక్క ఉదయములో ఇమిడియున్నవి. నూనె త్రాగుట మాత్రము నేడు ఎవరును అనుకరింపనక్కరలేదు.

దక్షిణమునకు వచ్చిన మనవారందరును సైనికులు కారు. కొంగునాటి నల్లరేగడిలో ప్రత్తి పండించిన రైతులు కొందరు. గుంటమగ్గములలో కాళ్ళాడించి బట్టలు నేసిన తెలుగు దేవాంగులు కొందరు. వీరెవ్వరును వ్యాయామమని పేరుపెట్టి ఏమియు చేయనక్కరలేకపోయినది. లోతైన బావినుండి తోలుబానతో నీరు తోడు మోటను ఇచ్చటివారు కవలై అందురు. తెల్లవారుజామున ఎడ్లను పల్లమునకు తోలి, మరల వెనుకకు ఎక్కించి, పొద్దెక్కువరకు అట్లే తిరిగిన మనిషికి తొడలు, నడుము, వీపు వాటంతట అవియే గట్టిపడేవి. ఇంటిలో ఆడవారికి రోకలియు, తిరగలియు ఉండెను. పని యే వ్యాయామముగా సాగిన రోజులవి. అయితే ఆ పనిలో విశ్రాంతి యజమాని యిష్టము, ఆహారము వాన దయ. బలము వచ్చినవారెందరో, నడుము వంగిపోయినవారును అందరు. ఆ కాలమును మరీ పొగడుటయు న్యాయము కాదు.

ఆ తరువాత యంత్రయుగము వచ్చినది. కోయంబత్తూరులో 1888లో స్టేన్సు దొర నూలుమిల్లు, మదురలో 1892లో హార్వీ సోదరుల మిల్లు లేచినవి. 1930 తరువాత పైకారా జలవిద్యుత్తు అందినది. 1937లో మన జి.డి. నాయుడుగారు, డి. బాలసుందరం నాయుడుగారు కలిసి కోయంబత్తూరులో విద్యుత్ మోటారు తయారుచేసి దేశమునకే మార్గదర్శకులైనారు. మోటారు పంపులు వచ్చినకొద్దీ బావిగట్టున కవలై మూలబడినది. రైతు నడుము నొప్పి తీరినది. ఇది గొప్ప మేలు. కాని అదే మోటారు, దాని అన్నదమ్ములైన గ్రైండరు, మోటారుసైకిలు, లిఫ్టు మన శరీరముచేత పని మాన్పించినవి. కూర్చుండి చేయు ఉద్యోగములు పెరిగినవి. పూర్వము జీతముతోపాటు ఉచితముగా వచ్చిన వ్యాయామమును నేడు నెలకింతయని చందా కట్టి కొనవలసివచ్చినది.

పనితో సంబంధము లేక, బలమును బలము కొరకే సాధించు విద్య మన ఆంధ్రదేశములో గరిడీలలో, తాలింఖానాలలో ముందునుండియు ఉన్నది. దండీలు, బస్కీలు, కర్రసాము అక్కడి పాఠములు. ఆ విద్యకు లోకఖ్యాతి తెచ్చినవాడు కోడి రామమూర్తి నాయుడుగారు. శ్రీకాకుళము వైపు వీరఘట్టములో పుట్టి, విజయనగరములో పెరిగి, కలియుగ భీముడని బిరుదు పొందినారు. ఛాతీకి కట్టిన ఇనుపగొలుసును ఊపిరి పూరించి త్రెంచుట, కదలు మోటారుకారును పట్టి నిలుపుట, ఏనుగును రొమ్ముపై నిలుపుకొనుట ఆయన ప్రదర్శనలు. ఆయన 1942లో కీర్తిశేషులైనారు. మన కుర్రవాళ్ళు మరువరానిది మరియొకటి యున్నది. అంత సహజబలముండియు ఆయన మద్రాసు వద్ద సైదాపేటకు పోయి వ్యాయామోపాధ్యాయ శిక్షణ పొంది, తిరిగివచ్చి విజయనగరము పాఠశాలలో పిల్లలకు నేర్పినారు. బలము ఉండుట వేరు, బలము నేర్పుట వేరు అని ఆయనకు తెలియును. 1920లో బక్ దొరగారు మద్రాసులో స్థాపించిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యాలయమునకును, మన కోయంబత్తూరు దగ్గర పెరియనాయకన్‌పాళెములో రామకృష్ణ మిషన్ విద్యాలయము వారి మారుతి వ్యాయామ కళాశాలకును ఆధారమైన సూత్రము ఇదియే.

ఇక శాస్త్రము. శరీరములో కండరములు మూడు రకములు: గుండె కండరము, ప్రేవులు మొదలైనవాటిలో మన ప్రమేయము లేక పనిచేయు నున్నని కండరము, ఎముకలకు అంటి మన యిష్టప్రకారము కదలు కండరము. ఈ మూడవ రకము కండరములు ఆరువందలకు పైగా ఉన్నవి. కండరము లాగగలదేగాని నెట్టలేదు. కనుకనే అవి జంటలుగా పనిచేయును. ముంజేతిని మడుచునది దండలోని ముందువైపు కండరము, అనగా బైసెప్స్. చాచునది వెనుకవైపు మూడు తలల కండరము, అనగా ట్రైసెప్స్. తొడముందు నాలుగు కండరములు మోకాలిని చాచగా, వెనుకనున్న మూడు దానిని మడుచును. జంటలో ఒకదానినే పెంచి రెండవదానిని విడిచినచో కీలు దెబ్బతినుటకు అవకాశము హెచ్చు. కుర్రవాళ్ళు ఛాతీని, దండను చూచుకొని వీపును, కాళ్ళను మరచుట ఇందుకే తప్పు.

కండరములో వెండ్రుకవంటి తంతువులు, వాటిలో మరింత సన్నని దారములు ఉండును. 1954లో ఆండ్రూ హక్స్‌లీ, హ్యూ హక్స్‌లీ అను ఇద్దరు, పేరు ఒకటేగాని బంధుత్వము లేనివారు, వేర్వేరుగా తమ సహచరులతో పరిశోధించి, కండరము బిగియుటకు కారణము ఆ దారములు కురచగుట కాదు, ఆక్టిన్, మయోసిన్ అను రెండు రకముల దారములు ఒకదానిప్రక్కన ఒకటి జారుటయే అని తెలిపినారు. రెండు చేతుల వ్రేళ్ళను ఎదురెదురుగా జొనిపి దగ్గరకు జరిపిచూచినచో సంగతి బోధపడును.

ఆ జారుటకు శక్తి ఎక్కడిది? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినవారిలో మన తెలుగువాడు ఉన్నాడు. భీమవరములో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసు వైద్య కళాశాలలో చదువుచు ఖద్దరు ధరించిన కారణమున ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ పట్టాతో బయటపడవలసివచ్చినది. తరువాత అమెరికా చేరి, హార్వర్డులో సైరస్ ఫిస్కేగారితో కలిసి కండరములోని ఫాస్ఫరస్‌ను కొలుచు పద్ధతి కనిపెట్టినారు. దాని సాయమున 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి. అను పదార్థమును కండరములో గుర్తించినారు. అదే ఏట జర్మనీలో లోమాన్‌గారు ఎ.టి.పి.ని స్వతంత్రముగా గుర్తించినారు. అంతవరకు లాక్టిక్ ఆమ్లమే కండరశక్తికి మూలమని పెద్దలు నమ్మియుండిరి. ఈ పరిశోధనలతో ఆ నమ్మకము సడలినది. నేడు జిమ్ములలో డబ్బాలలో అమ్ము క్రియాటిన్ పొడి వెనుకనున్న సంగతియు ఇదియే. రామమూర్తిగారు లోకమునకు చూపిన బలము ఎక్కడనుండి వచ్చునో సుబ్బారావుగారు ప్రయోగశాలలో చూపినారు.

రైల్వే గుమాస్తాను గనుక టికెట్టు కౌంటరు లెక్కలో చెప్పెదను. ఎ.టి.పి. చేతిలోని చిల్లర, రెండు మూడు సెకండ్లలో చెల్లిపోవును. ఫాస్ఫోక్రియాటిన్ సొరుగులోని నోట్లకట్ట. వెంటనే చిల్లర సర్దును గాని పది సెకండ్లకు మించి అంతగా నిలువదు. కండరములో నిలువయున్న పిండిపదార్థము ఇనుపపెట్టె. తెరచుటకు కొంత వ్యవధి పట్టును, నిమిషములు నడిపించును. కొవ్వు బ్యాంకులోని డబ్బు. మెల్లగా వచ్చును, గంటలకొద్దీ ఆదుకొనును, కాని దానికి ఊపిరితో వచ్చు ప్రాణవాయువు తప్పనిసరి. పెద్ద బరువును నాలుగైదుసార్లు ఎత్తినవాడు రెండు మూడు నిమిషములు ఆగవలసినది సోమరితనమువలన కాదు. నోట్లకట్ట మరల నిండుటకు.

శిక్షణ సూత్రములు ఎక్కువ లేవు. మొదటిది, బరువును క్రమముగా పెంచుట. రెండవ ప్రపంచయుద్ధకాలములో అమెరికా సైనికాసుపత్రిలో డిలార్మ్ అను వైద్యుడు గాయపడిన సైనికుల మోకాళ్ళకు ఈ పద్ధతిచే బలము తెచ్చి, 1945లో ఆ సంగతి ప్రకటించినాడు. మొదటి కొన్ని వారములలో పెరుగు బలము ఎక్కువభాగము నరముల నేర్పు. కండ లావగుట ఆ తరువాత. కనుక నెలకే ఫలితము చూపుదునని ఎవరికిని మాట యీయరాదు. రెండవది విశ్రాంతి. కండ పెరుగునది బరువెత్తు వేళ కాదు, తిని నిద్రించు వేళ. గట్టిగా పనిచేసిన కండరమునకు సుమారు రెండు రోజుల వ్యవధి మంచిది. మూడవది, ఎవరి శరీరమునకు తగినది వారికి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవారందరికిని వారమునకు 150 నుండి 300 నిమిషముల మధ్యస్థ శ్రమ, కనీసము రెండు రోజులు కండరములకు బలమిచ్చు వ్యాయామము కావలెనని చెప్పినది. ఇది ఆడవారికిని, తాతలకును కూడ.

ట్రైనరు కాదలచినవాడు ఇంకొక సంగతి మనసున పెట్టుకొనవలెను. రామమూర్తిగారు ఊపిరి బిగించి గొలుసు త్రెంచినారు గదా అని రక్తపుపోటు గల పెదనాన్నచేత ఊపిరి బిగించి బరువెత్తింపరాదు. పోటు ఒక్కమారుగా ఎగసిపోవును. ఎత్తునప్పుడు ఊపిరి విడువుమని చెప్పవలెను. ఛాతీనొప్పి, కళ్ళు తిరుగుట కనబడినచో వెంటనే ఆపి వైద్యునివద్దకు పంపవలెను. కొత్తగా చేరినవానిని మొదటిరోజే విరుగగొట్టినచో కండరము చితికి, మూత్రము నల్లబడి, మూత్రపిండములు చెడిపోవు ప్రమాదము కలదు. తొందర బలము కొరకు స్టెరాయిడ్ సూదులు అమ్మువాడు గురువు కాడు. గుండెకును, కాలేయమునకును, సంతానమునకును కీడు చేయువాడు.

మన పిల్లలు ఈ శాస్త్రమును తమిళములోనో, ఇంగ్లీషులోనో చదువుదురు, చదువవలసినదే. కాని ఇంటిలో అమ్మమ్మకు మోకాలు ఎందుకు నొచ్చుచున్నదో, ఏ తొడకండరమునకు బలము కావలెనో తెలుగులో చెప్పలేనిచో ఆ చదువు గడప దాటి లోపలికి రాదు. ఉగాదినాడు సంఘమునకు వచ్చు మన యువకులలో శిక్షణ పొందినవారున్నారు. వారు ఆదివారములందు ఒక గంట మన సంఘభవనములో పెద్దలచేత కుర్చీనుండి చేయి ఊనక లేచుట, మెట్టెక్కి దిగుట చేయింపగలిగినచో చాలును. అందులకు ఇనుపబరువులు అక్కరలేదు, ఖర్చును లేదు. మోటబావి ఇచ్చిన బలమును మోటారు తీసికొన్నది. దానిని తెలివితో తిరిగి సంపాదించు భారము ఈ తరముది. కొత్త సంవత్సరము అందరికిని ఆరోగ్యమును, దానిని నిలుపుకొను బుద్ధిని ప్రసాదించుగాక!