దానమీయరాని భూమి: దత్తమండలం రాయలసీమ అయిన వృత్తాంతం

పూర్వమీమాంసా శాస్త్రంలో, షష్ఠాధ్యాయ సప్తమపాదంలో, విశ్వజిద్యాగాన్ని గూర్చి ఒక గంభీరమైన విచారణ ఉంది. ఆ యాగంలో యజమాని తన సర్వస్వాన్ని దక్షిణగా సమర్పించాలి. అయితే 'సర్వస్వం' అన్న పదానికి హద్దు ఏది? తల్లిదండ్రులను దానమీయవచ్చునా? యజమాని సార్వభౌముడైతే సమస్త భూమండలాన్నీ దానమీయవచ్చునా? జైమిని మహర్షి రెంటినీ నిషేధించాడు. ఆ నిషేధానికి హేతువును శబరస్వామి భాష్యం విశదపరచింది. మనుష్యుడు ఒక క్షేత్రానికి స్వామి కావచ్చును గాని, భూమి సర్వప్రాణులకూ సాధారణం. రాజుకు రక్షణాధికారమూ, ఆ రక్షణకు ప్రతిఫలంగా పంటలో భాగమూ ఉన్నాయే తప్ప భూమిపై స్వామ్యం లేదు. తనది కానిదానిని దానమిచ్చే అధికారం ఎవరికీ లేదు.

ఈ సిద్ధాంతానికి పూర్తిగా విరుద్ధమైన దానమొకటి 1800వ సంవత్సరంలో తెలుగుదేశంలో జరిగింది. 1799లో శ్రీరంగపట్టణ పతనంతో టిప్పు సుల్తాను రాజ్యం అంతరించింది. మైసూరు యుద్ధాల ఫలితంగా తనకు సంక్రమించిన బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలను హైదరాబాదు నిజాము, తన రక్షణకు నియుక్తమైన ఆంగ్లసైన్యపు వ్యయానికి బదులుగా, ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. ఆనాటి నుండి ఈ సీమకు 'దత్తమండలాలు' అన్న పేరు స్థిరపడింది. ఇచ్చినవాడొకడు, పుచ్చుకొన్నవాడొకడు, అక్కడ నివసించేవారిని అడిగినవాడు లేడు. ధర్మశాస్త్రంలో దత్తపుత్రునికి సైతం కొత్త ఇంట దాయభాగం ఉంది. ఈ దత్తభూమికి దక్కినది శిస్తుభారం మాత్రమే.

ఆ యుగంలో ఇది ఒక్క భారతదేశపు దుస్థితి కాదు. మూడేళ్ళ తరువాత, 1803లో, ఫ్రాన్సు లూసియానా అనే విశాల భూభాగాన్ని ఒకటిన్నర కోట్ల డాలర్లకు అమెరికాకు విక్రయించింది. అక్కడి ఆదిమజాతుల సమ్మతిని ఎవరూ కోరలేదు. ప్రజల సమ్మతియే ప్రభుత్వాధికారానికి మూలమని 1776లో ఉద్ఘోషించిన దేశమే ఆ భూమిని కొన్నది.

దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1800 నుండి 1807 వరకు ఇక్కడ పనిచేశాడు. అనంతపురం కొంతకాలం ఆయన నివాసస్థానం. పాళెగాండ్రను అణచి, పొలం పొలం కొలిపించి, రైతుతోనే నేరుగా శిస్తు నిర్ణయించే రైత్వారీ పద్ధతిని ఆయన నెలకొల్పాడు. తాను విధించిన శిస్తు అధికమని ఆయనే గ్రహించి, నాల్గవ వంతు తగ్గించాలని 1807లో సిఫారసు చేశాడు. కంపెనీ ఆ మాటను అప్పుడు మన్నించక గ్రామాలను గుత్తకిచ్చింది. మన్రో 1820లో మద్రాసు గవర్నరై తిరిగివచ్చిన తరువాతనే ఆ తగ్గింపు అమలులోకి వచ్చింది. అధికారి ఎంత సహృదయుడైనా, ప్రజలు అడిగి పొందే స్థితిలో లేరు. దయతలచి ఇస్తే పుచ్చుకొనే స్థితిలోనే ఉన్నారు.

అనంతపురం పీఠభూమిలో ప్రతి ధర్మవిచారమూ చివరకు జలవిచారమే అవుతుంది. ఉభయ ఋతుపవనాలూ దూరమైన ఈ వర్షచ్ఛాయా ప్రాంతంలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. 1876-78 నాటి మహాక్షామం ఈ నేలను శ్మశానప్రాయం చేసింది. విజయనగర ప్రభువుల కాలంలో నిర్మితమైన చెరువులే ఇక్కడి ప్రాణాధారాలు. బుక్కరాయసముద్రం చెరువుకట్ట తెగబోగా, ఊరి రక్షణకై ముసలమ్మ అనే ఇల్లాలు ఆత్మార్పణ చేసిందని జనశ్రుతి. కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణం' కావ్యానికి ఇదే ఇతివృత్తం. నీటి విలువను ప్రాణంతో తూచిన సీమ ఇది.

అట్టి సీమలో 1916లో అనంతపురాన దత్తమండల కళాశాల వెలసింది. విద్యతోపాటు ఆత్మగౌరవమూ అంకురించింది. ఉత్తరాంధ్రలో జన్మించి ఆ కళాశాలలో ఆచార్యత్వం వహించిన చిలుకూరి నారాయణరావుకు 'దత్త' శబ్దం దాస్యచిహ్నంగా తోచింది. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలో, రాయల ఏలుబడిని స్మరింపజేసే 'రాయలసీమ' అనే నామాన్ని ఆయన సూచించాడు, సభ ఆమోదించింది. అనంతపురం నుండి 'శ్రీసాధన' పత్రికను నడిపిన పప్పూరు రామాచార్యులు వంటివారు ఆ నామాన్ని ప్రజల నాలుకలపై నిలిపారు.

ఇక్కడ సాధకునికి ఒక శంక కలుగుతుంది. నామరూపాలు మిథ్య అని వేదాంతం బోధిస్తుండగా, పేరు మార్పుకు ఇంత ప్రాధాన్యమేల? సమాధానం వేదాంతంలోనే ఉంది. రజ్జువునందు సర్పం వలె, ఒకదానియందు మరొకదాని ధర్మాన్ని ఆరోపించడం అధ్యాస. చేతులు మారే సొత్తుకుండే ధర్మాన్ని ఒక జనసమూహంపై ఆరోపించిన శబ్దం 'దత్త'. దానిని తొలగించడం కొత్త భ్రాంతిని కల్పించడం కాదు. ఉన్న భ్రాంతిని తుడిచివేయడం. అమెరికాలో బానిసత్వ నిర్మూలనోద్యమం సాగిన కాలంలో, బానిసగా పుట్టి విముక్తి పొందిన ఇసబెల్లా అనే స్త్రీ 1843లో తన పాత పేరును విడిచి 'సోజర్నర్ ట్రూత్' అనే నామం స్వీకరించింది. సత్యాన్ని ప్రకటిస్తూ సాగిపోయే యాత్రికురాలని దాని భావం. ఆ పేరుతోనే ఆమె బానిసత్వానికి వ్యతిరేకంగానూ, స్త్రీల హక్కులకై కూడానూ ఊరూరా ప్రసంగించింది. యజమానుల సొత్తుగా పరిగణింపబడినవారు తమకు తామే పేరు పెట్టుకోవడం విముక్తికి ప్రథమ సోపానమని ఈ రెండు దృష్టాంతాలూ చాటుతున్నాయి.

అయితే నామం దాహం తీర్చదు. ప్రత్యేకాంధ్ర రాష్ట్రోద్యమం బలపడుతున్నకొలదీ, సర్కారు జిల్లాల ప్రాబల్యంలో తమకు న్యాయం దక్కదేమోనన్న అనుమానం రాయలసీమలో పెరిగింది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం అనంతపురానికి రాక విశాఖకు తరలడం ఆ అనుమానాన్ని దృఢపరచింది. దాని నివారణకై 1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు గృహమైన శ్రీబాగ్‌లో, ఉభయప్రాంతాల నాయకులు సమావేశమయ్యారు. కల్లూరు సుబ్బారావు, పప్పూరు రామాచార్యులు, కడప కోటిరెడ్డి, భోగరాజు పట్టాభిసీతారామయ్య, కొండా వెంకటప్పయ్య ప్రభృతులు ఒడంబడికపై సంతకాలు చేశారు. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం. తుంగభద్ర, కృష్ణ, పెన్నా జలాల వినియోగంలో పదేళ్ళపాటు, అవసరమైతే అంతకు మించి, రాయలసీమ, నెల్లూరు ప్రాంతాలకు ప్రాధాన్యం. రాజధాని, హైకోర్టులలో కోరుకొన్నదానిని ఎంచుకొనే హక్కు రాయలసీమకు. ఇవి అందులోని ముఖ్యాంశాలు. ఎవరో దానం చేయగా చేతులు మారిన సీమ, మొదటిసారిగా తానే ఒక పక్షమై నిలిచి ఒప్పందం చేసుకొన్నది.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించి కర్నూలు రాజధాని అయింది. మూడేళ్ళకే ఆ గౌరవం హైదరాబాదుకు తరలిపోయింది. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981లో గాని స్వతంత్ర ప్రతిపత్తి పొందలేదు. కృష్ణాజలాలు హంద్రీ-నీవా ద్వారా జీడిపల్లి జలాశయాన్ని చేరేసరికి 2012 వచ్చింది. శ్రీబాగ్ ఒడంబడికకు అప్పటికి డెబ్బది అయిదు సంవత్సరాలు. హరిశ్చంద్రుని దైవంగా తలచే జాతి, ఇచ్చిన మాటకు పట్టిన ఈ కాలాన్ని లెక్కించుకోవలసి ఉంది. దేవతలకు మొక్కిన మొక్కు తీరకుంటే భయపడే మనస్సు, పొరుగు సీమకు ఇచ్చిన వాగ్దానం తీరకుంటే నిశ్చింతగా ఉండగలదా?

మరొక లోపాన్నీ అంగీకరించాలి. ఆ ఒడంబడికపై ఒక్క స్త్రీ సంతకమైనా లేదు. ముసలమ్మ కట్టను కాపాడిందని తరతరాలుగా పాడుకొనే సీమలో, నీటి పంపకాన్ని గూర్చి మాట్లాడే చోట ఆమె వారసురాండ్రకు స్థానం లభించలేదు. భూమి సర్వసాధారణమన్న మీమాంసా న్యాయం రాజులకు మాత్రమే వర్తించేది కాదు. రాజుల స్థానంలో కూర్చున్న ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది. భూమి దానమీయరానిదైతే, దానిపై ప్రవహించే జలంలో న్యాయమైన భాగం ఒకరు దయతో ఇచ్చేది కాదు; అందరికీ చెందవలసినది.