అక్టోబర్ 1

అక్టోబర్ 1, గ్రెగొరియన్ క్యాలెండర్ ప్రకారము సంవత్సరములో 274వ రోజు (లీపు సంవత్సరములో 275వ రోజు). సంవత్సరాంతమునకు ఇంకా 91 రోజులు మిగిలి ఉండును. 1953లో ఇదే రోజున కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రము అవతరించినది. భాషా ప్రాతిపదికన భారతదేశములో ఏర్పడిన తొలి రాష్ట్రము ఇదియే.

సంఘటనలు

* 1854: భారతదేశమంతటా చెల్లుబాటగు తపాలా బిళ్ళలు వాడుకలోకి వచ్చినవి.
* 1869: ఆస్ట్రియాలో ప్రపంచపు తొలి పోస్టుకార్డు వెలువడినది.
* 1949: మావో జెడాంగ్ చైనా ప్రజా గణతంత్రమును ప్రకటించెను.
* 1953: ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినది.
* 1958: భారతదేశములో మెట్రిక్ తూనికలు అమలులోకి వచ్చుట ప్రారంభమైనది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పని మొదలుపెట్టెను.
* 1960: నైజీరియా బ్రిటిషు పాలన నుండి స్వాతంత్ర్యము పొందినది.

ఆంధ్ర రాష్ట్ర అవతరణ

ప్రత్యేక రాష్ట్రము కొరకు పొట్టి శ్రీరాములు మద్రాసులో 1952 అక్టోబర్ 19న నిరాహార దీక్ష ప్రారంభించి డిసెంబర్ 15 రాత్రి మరణించెను. నాలుగు రోజుల తరువాత, డిసెంబర్ 19న, ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ రాష్ట్ర ఏర్పాటును ప్రకటించెను. మద్రాసు నగరము మాత్రము ఆంధ్రులకు దక్కలేదు. అందుచే రాజధాని ఎక్కడ అనునది పెద్ద సమస్య అయినది.

ఈ సమస్యకు మూలము 1937 నవంబర్ 16 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో కలదు. మద్రాసులోని కాశీనాథుని నాగేశ్వరరావు గృహమైన శ్రీబాగ్‌లో కోస్తా, రాయలసీమ నాయకులు చేసుకొన్న ఒప్పందమిది. కడపకు చెందిన కోటిరెడ్డి, అనంతపురమునకు చెందిన కల్లూరు సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు సీమ పక్షమున సంతకము చేసినవారిలో ఉన్నారు. తుంగభద్ర, కృష్ణ, పెన్న జలముల వినియోగములో రాయలసీమ, నెల్లూరు ప్రాంతములకు తగిన కాలము వరకు ప్రాధాన్యమివ్వవలెననియు, రాజధాని, హైకోర్టులలో ఒకటి కోస్తాలో, మరొకటి రాయలసీమలో ఉండవలెననియు, ఏది కావలెనో కోరుకొను హక్కు రాయలసీమదే అనియు ఇందులో నిర్ణయించిరి. తరచు కరవునకు గురియగు జిల్లాలు ఉమ్మడి రాష్ట్రములో వెనుకబడిపోవునన్న భయమును తొలగించుట దీని ఉద్దేశము.

విజయవాడ, గుంటూరు పట్టణములను రాజధానిగా కోరినవారు కూడా ఉన్నప్పటికీ, ఈ ఒడంబడిక ననుసరించి కర్నూలు తాత్కాలిక రాజధాని అయినది. హైకోర్టు 1954 జూలై 5న గుంటూరులో ఏర్పడినది.

1953 అక్టోబర్ 1న కర్నూలులో నెహ్రూ రాష్ట్రమును ప్రారంభించెను. సి.ఎం.త్రివేది గవర్నరుగా, టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రిగా, నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రిగా బాధ్యతలు చేపట్టిరి. శ్రీకాకుళం, విశాఖపట్నం, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కృష్ణా, గుంటూరు, నెల్లూరు, చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు అను 11 జిల్లాలు ఇందులో చేరినవి. బళ్ళారి జిల్లా నుండి ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోను, రాయదుర్గం తాలూకా అనంతపురం జిల్లాలోను కలిసినవి.

రాజధానికి తగిన భవనములు కర్నూలులో లేనందున పలు కార్యాలయములను గుడారములలో నడిపిరి. ఉద్యోగులకు వసతి కరవైనది. ప్రకాశం మంత్రివర్గము మద్యనిషేధ విషయమై 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో పడిపోయినది. రాష్ట్రపతి పాలన, ఎన్నికల తరువాత 1955 మార్చిలో బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యెను.

1956 నవంబర్ 1న తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాదునకు తరలినది. కర్నూలు రాజధానిగా ఉన్నది మూడు సంవత్సరముల ఒక నెల మాత్రమే. ఆపై నవంబర్ 1 రాష్ట్ర అవతరణ దినము కాగా, అక్టోబర్ 1 మరుగున పడినది. అయినను రాయలసీమలో నీటి వాటా, రాజధాని చర్చ వచ్చినప్పుడెల్ల శ్రీబాగ్ ఒడంబడిక ప్రస్తావనకు వచ్చును. 2014 రాష్ట్ర విభజన తరువాత ఈ చర్చ మరల బలపడినది. కర్నూలును న్యాయ రాజధానిగా పేర్కొనుచు 2020లో చేసిన చట్టమును 2021 నవంబరులో రద్దుచేసిరి.

జననాలు

* 1847: అనీ బిసెంట్, దివ్యజ్ఞాన సమాజ నాయకురాలు. రాయలసీమలోని మదనపల్లెలో 1915లో దివ్యజ్ఞాన కళాశాలను నెలకొల్పినది. (మ. 1933)
* 1862: రఘుపతి వేంకటరత్నం నాయుడు, సంఘసంస్కర్త, మద్రాసు విశ్వవిద్యాలయ ఉపకులపతి. (మ. 1939)
* 1906: ఎస్.డి.బర్మన్, హిందీ చలనచిత్ర సంగీత దర్శకుడు. (మ. 1975)
* 1922: అల్లు రామలింగయ్య, తెలుగు హాస్యనటుడు. (మ. 2004)
* 1924: జిమ్మీ కార్టర్, అమెరికా 39వ అధ్యక్షుడు. (మ. 2024)
* 1928: శివాజీ గణేశన్, తమిళ నటుడు. (మ. 2001)
* 1945: రామ్‌నాథ్ కోవింద్, భారత 14వ రాష్ట్రపతి.

మరణాలు

* 1972: లూయిస్ లీకీ, మానవ పూర్వీకుల అవశేషములపై పరిశోధించిన శాస్త్రవేత్త. (జ. 1903)
* 2012: ఎరిక్ హాబ్స్‌బామ్, బ్రిటిషు చరిత్రకారుడు. (జ. 1917)

పండుగలు మరియు జాతీయ దినాలు

* అంతర్జాతీయ వృద్ధుల దినము
* జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినము (భారతదేశము)
* చైనా జాతీయ దినము
* నైజీరియా స్వాతంత్ర్య దినము